నువ్వేమన్నావో అది రాయి

కాకినాడ,
సెప్టెంబరు 14.

చిరంజీవి అల్లుడికి,

మొన్న రాత్రి వాట్సాప్‌లో నువ్వు పంపిన నీ సోషల్ వర్క్ కోర్సు ఫీల్డ్ వర్క్ రికార్డు పేజీల ఫొటోలు చేరాయి. మొదటిదాంట్లో సగం పేజీ చదివి ఆపేశాను. మిగతావి తెరవకుండానే తీసేశాను. నువ్వు కూడా నీ ఫోన్లోంచి తీసెయ్యి. కోపమొచ్చి కాదు. ఆ పేజీ పై వరసలోనే నీ క్లయింటు పూర్తి పేరు, ఊరు, మంచం నంబరు ఉన్నాయి. ఇంకాస్త కిందికి వస్తే వాళ్లావిడ ఎవరింట్లో పనిచేస్తుందో కూడా ఉంది. ఆ సంగతులు ఆయన నీతో చెప్పుకున్నాడు. నీ సూపర్‌వైజర్‌కి తెలుస్తాయని నువ్వు ముందే చెప్పి ఉంటే ఆవిడకు తెలియడంలో తప్పు లేదు. కాకినాడలో ఉన్న మీ అత్తకు తెలియడానికి ఆయన ఎప్పుడు ఒప్పుకున్నాడు? నేను ఉద్యోగమంతా ఆసుపత్రిలో కౌన్సెలింగ్ పనే చేశాననేది నీకు గొప్ప కావచ్చు, ఆయనకు నేనెవరిని? 2017 మానసిక ఆరోగ్య చట్టం మీకు రెండో సెమిస్టర్‌లో వస్తుంది కాబోలు. అందులో మానసిక అనారోగ్యం అన్నచోట తాగుడు వల్ల వచ్చేవాటినీ కలిపారు. అంటే తాగుడు కేసులుండే నీ వార్డులో ఉన్న ప్రతి మనిషికీ తన సంగతి బయటికి పొక్కకుండా ఉండే హక్కు చట్టప్రకారం ఉంది. ఇక నుంచి పేరు బదులు ఒక అక్షరం రాయి, ఊరు రాయకు, కాగితం నీ సంచీలోంచి సూపర్‌వైజర్ బల్ల మీదికే వెళ్లాలి.

ఇక రికార్డు ఎలా ఉందో చెప్పమన్నావు. చదివినంత మేరకే చెబుతాను. "క్లయింటు సహకరించడం లేదు. తాగుడు తన సమస్య అని ఒప్పుకోవడం లేదు. భార్య చెప్పినదానికీ ఈయన చెప్పినదానికీ పొంతన లేదు. అబద్ధాలు చెబుతున్నాడు." దస్తూరి బాగుంది, వాక్యాలూ బాగున్నాయి. ఆ వార్డులో జుట్టు నెరిసినవాళ్లు రాసినట్టే ఉంది. అదే నాకు నచ్చలేదు. ఆ సగం పేజీలో ఆయన గురించి అంత ఉంది, నువ్వు మాత్రం ఎక్కడా లేవు. ఆయన "రోజూ తాగను" అన్నాడని రాశావు. ఆ మాట రావడానికి ముందు నువ్వేమడిగావు? నిలబడి అడిగావా, కూర్చుని అడిగావా? పక్కన ఎవరున్నారు? మీ నాన్న వయసున్న మనిషిని నువ్వన్నావా, మీరన్నావా?

చివరి ప్రశ్న ఊరికే అడగలేదు. మన సర్కారు ఆసుపత్రుల్లో గేటు దగ్గర నుంచి ఆపరేషను గది దాకా పేదవాణ్ని అందరూ నువ్వే అంటారు. ప్యాంటూ చొక్కా ఇస్త్రీ చేసి ఉంటే మీరు. కొత్తగా చేరినవాళ్లకు ఆ అలవాటు వారంలో అబ్బుతుంది. ఎవరూ నేర్పక్కర్లేదు.

మీ కోర్సులో మూడు పేపర్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉన్నాయని పోయిన నెల ఫోన్లో విసుక్కున్నావు. ఒకటి మనల్ని మనం తెలుసుకోవడం గురించి, ఒకటి వృత్తి నీతి, ఇంకోటి ఎదుటివాళ్లతో మాట్లాడే విద్య. మొదటిదాన్ని డైరీ పేపరనీ, రెండోదాన్ని నీతిచంద్రిక అనీ వెక్కిరించావు. మూడోది ఒక్కటే పనికొస్తుందన్నావు. సిలబస్ వేసినవాళ్లు వాటిని మూడు ముక్కలు చేశారు గానీ మంచం పక్కన అవి విడిగా రావు. "ఎందుకు తాగుతున్నావు?" అని నువ్వు అడిగే ఉంటావు, ఆ ఒక్క మాటలో మూడూ ఉన్నాయి. ఆ ప్రశ్న సరిగా అడిగావా అన్నది విద్య. అడగడానికి నీకు హక్కుందా, ఆయన ఒప్పుకున్నాడా అన్నది నీతి. అడిగేటప్పుడు నీ గొంతులో ఏముంది, అది ఎక్కణ్నుంచి వచ్చిందన్నది ఆ డైరీ పేపరు. ఈ మూడూ కలిసి కనబడే చోటు ఒక్క ఫీల్డ్ వర్క్ రికార్డే. అందుకే దాని మీద ఇంత రాస్తున్నాను.

సైకాలజిస్టు కార్ల్ రోజర్స్ పేరు మీ క్లాసులో ఈపాటికి అరిగిపోయి ఉంటుంది. 1957లో ఆయన రాసిన వ్యాసంలోంచి కౌన్సెలర్‌కి ఉండాల్సిన మూడు గుణాలు తీసి బోర్డు మీద రాస్తారు. ఎదుటివాళ్లున్న చోటు నుంచి చూడగలగడం, షరతులు పెట్టకుండా గౌరవించడం, లోపలొకటి పైకొకటి లేకుండా ఉండడం. మీరు వాటిని పరీక్షలో రాస్తారు, మార్కులు పడతాయి. నాకు మటుకు అంతకు ముందటి రోజర్స్ ఎక్కువ ఇష్టం. 1940 తర్వాత ఆయన ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఉండగా, కౌన్సెలింగ్ గదిలో మాటల్ని గ్రామఫోను పళ్లేల మీదికి ఎక్కించడం మొదలుపెట్టారు. కాసేపటికే పళ్లెం నిండిపోయేది, మార్చి మార్చి పెట్టుకోవాలి. 1942లో వచ్చిన 'కౌన్సెలింగ్ అండ్ సైకోథెరపీ' పుస్తకంలో, హెర్బర్ట్ బ్రయన్ అని మారుపేరు పెట్టిన ఒక మనిషితో జరిగిన ఎనిమిది సమావేశాల్ని మొదటి మాట నుంచి చివరి మాట దాకా అచ్చువేశారు. కౌన్సెలర్ ఏమన్నాడు, బ్రయన్ ఏమన్నాడు, ఇద్దరివీ. అంతకు ముందు వైద్యులు సాయంత్రం ఇంటికెళ్లి జ్ఞాపకం ఉన్నది రాసేవాళ్లు. జ్ఞాపకం మనకి అనుకూలంగానే రాస్తుంది. పళ్లెం వింటేగానీ తెలియలేదు, వింటున్నామనుకున్న చోట తామే మాట్లాడుతున్నారని, అడిగామనుకున్న చోట సలహా ఇచ్చారని.

అదే 1957లో షికాగోలో ఫెలిక్స్ బీస్టెక్ అనే జెసూట్ ఫాదర్ 'ది కేస్‌వర్క్ రిలేషన్‌షిప్' రాశారు. మీరు బట్టీపట్టే ఏడు సూత్రాలూ ఆయనవే. వాటి గురించి ఇప్పుడు చెప్పను, మీ మేడమ్ చెబుతారు. ఒక్కటి మాత్రం గుర్తు చేస్తాను. క్లయింటు బాధలో మనం పాలుపంచుకోవాలి, కాని దాని పగ్గం మన చేతిలో ఉండాలి అన్నది. పిల్లలు దాన్ని "ఎమోషనల్ అవకూడదు" అని రాసుకుంటారు. ఆయనన్నది అది కాదు. కదలని వాడికి పగ్గమెందుకు?

ఇప్పుడు నీ వార్డు సంగతికి వస్తాను. తాగేవాళ్లు అబద్ధాలాడతారు, ఒప్పుకోరు, అది వాళ్ల జబ్బు లక్షణం అని చాలాకాలం అనుకున్నారు. అమెరికాలో ఆ నమ్మకంతోనే, మొహం మీదే నిలదీసి ఒప్పించే చికిత్సలు నడిచాయి. 1982లో విలియం మిల్లర్ అనే సైకాలజిస్టు నార్వేలో బెర్గెన్ దగ్గర ఒక క్లినిక్‌కి వెళ్లారు. అక్కడి యువ సైకాలజిస్టులు, మీరు రోగితో ఎలా మాట్లాడతారో చేసి చూపించండి అని పట్టుబట్టారు. చేస్తుంటే మధ్యలో ఆపి, ఈ మాటే ఎందుకన్నారు, ఆ మాట ఎందుకనలేదు అని అడిగేవారు. అలా అడిగించుకుంటూ తనకు తెలియకుండా తను చేస్తున్నదేమిటో ఆయన కాగితం మీద పెట్టారు. 1983లో వ్యాసంగా వచ్చింది. తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి 1991లో పుస్తకం చేశారు. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అని ఇప్పుడు లోకమంతా నేర్పుతున్నది అదే. దాని వెనకున్న ఒక పరిశోధన నీకు అన్నిటికంటే ముఖ్యం. 1993లో మిల్లర్, ఆయన సహచరులు అచ్చువేశారు. కౌన్సెలర్ ఎంత ఎక్కువ నిలదీస్తే, ఏడాది తర్వాత ఆ మనిషి అంత ఎక్కువ తాగుతున్నాడని అందులో తేలింది. అంటే ఒప్పుకోకపోవడం ఒక్క రోగి గుణమే కాదు. ఇద్దరి మాటల మధ్యన అది పుడుతుంది, అందులో సగం మనదే.

ఇది తెలిశాక నీ రికార్డు మళ్లీ చదువుకో. నేను ఊహించి రాస్తున్నాను, తప్పయితే కొట్టెయ్యి. "ఎన్నాళ్ల నుంచి తాగుతున్నావు?" "అప్పుడప్పుడండీ." "రోజూ తాగుతావని మీ ఆవిడ చెప్పిందిగా?" "రోజూ తాగను." "లివరు పాడైందని డాక్టరుగారు చెప్పారు, తెలుసా?" ఆ తర్వాత ఆయన గోడకేసి తిరిగి ఉంటాడు. నువ్వు "సహకరించడం లేదు" అని రాశావు. ఆ మూడు ప్రశ్నలకీ ఉన్న జవాబులు రెండే. నేరం ఒప్పుకోవడం, లేదా కాదనడం. ఊళ్లో తలెత్తుకు తిరగాల్సిన మనిషి, భార్య ముందు, పక్క మంచం వాళ్లు వింటుండగా, కొడుకు వయసు కుర్రాడి దగ్గర ఏది ఎంచుకుంటాడు?

"ఎందుకు" అనే మాట మన పిల్లల నోట మందలింపులాగే వినిపిస్తుంది. ఎందుకు ఆలస్యమైంది, ఎందుకు ఫెయిలయ్యావు. అదే పనికి వేరే దారులున్నాయి. "సాయంత్రం పని అయ్యాక మీకు ఎలా ఉంటుందండీ?" "మొదటి గ్లాసు ఏ టైములో?" "తాగని రోజులు కూడా ఉన్నాయన్నారు, ఆ రోజులు ఎలా గడిచాయి?" ఈ చివరిది చూడు. "రోజూ తాగను" అన్న మాటను నువ్వు అబద్ధం అని పక్కన పెట్టేశావు. దాని లోపలే తాగని రోజుంది. దాన్ని నమ్మి అడిగితే ఆయన ఏ రోజు ఆగగలిగాడో చెబుతాడు. అయ్యప్ప మాల వేసుకున్నప్పుడో, కూతురు ప్రసవానికి వచ్చినప్పుడో. మన జిల్లాల్లో మాల వేసుకుని నలభై రోజులు చుక్క ముట్టని మగవాళ్లు ఎంతమందో నీకు తెలుసు. వాళ్లకు ఆగడం చేతకాదని ఎలా అంటాం?

మిల్లర్ పద్ధతిలో ఇంకో ప్రశ్న ఉంది, నాకది చాలా ఇష్టం. "మానేయాలని మీకు ఎంతుంది, పదికి ఎంత?" అని అడుగుతారు. ఆయన "మూడు" అంటాడు. కొత్తవాళ్లు వెంటనే "మూడేనా, పది ఎందుకు కాదు?" అంటారు. అలా అంటే మానలేకపోవడానికి కారణాలన్నీ ఆయన నోటితోనే చెప్పించినట్టు. "ఒకటి అనకుండా మూడన్నారే" అని అడగాలి. అప్పుడు మానాల్సిన కారణాలు ఆయనే చెబుతాడు. తన నోటి నుంచి వచ్చిన కారణం మనిషికి బరువుగా ఉంటుంది. మనం చెప్పింది ఆసుపత్రి గేటు దాకా కూడా రాదు.

అలాగని చిలకపలుకులు వద్దు. ఎదుటివాళ్ల మాటను తిప్పి వాళ్లకే అప్పజెప్పడం మీకు మొదట నేర్పుతారు. "అంటే మీకు చాలా బాధగా ఉందన్నమాట." ట్రైనింగుకి వచ్చిన ఒక పిల్లాడు ప్రతి వాక్యానికీ అలా అంటుంటే ఒకావిడ, "నేను చెప్పిందే మళ్లీ నాకు చెబుతావేంటి బాబూ, ఆ పాటి నాకు తెలీదా?" అంది. తిప్పి చెప్పేది ఆమె అన్న మాట కాదు, అనబోయి ఆగిన మాట. అది అందాలంటే ముందు ఊరుకోవడం రావాలి. మన ఇంట్లో ఊరుకోవడం ఎవరికి వచ్చింది గనక?

ఇంటి సంగతి వచ్చింది కాబట్టి అసలు మాట రాస్తాను. దీన్ని రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

మీ తాతయ్య తాగేవారు. నీకు తెలుసు. నీకు తెలుసని మాకు తెలుసు. అయినా మన ఇంట్లో ఎవరూ పైకి అనరు. "నాన్నగారికి ఒంట్లో బాగుండేది కాదు" అని మీ నాన్న అంటాడు. నేనూ అలాగే అనేదాన్ని. మీ నాన్న జీవితంలో ఒక్క చుక్క ముట్టకపోవడానికీ, తాగినవాణ్ని చూస్తే వీధి దాటి అవతలికి వెళ్లడానికీ, నువ్వు ఏడేళ్ల వయసులో "తాగుబోతుని నమ్మకూడదు" అని నేర్చుకోవడానికీ కారణం ఆయనే. నిన్ను ఆ వార్డుకి వేశారని విన్నప్పుడే అనుకున్నాను. ఆ మంచం మీదున్న మనిషిని చూసి నువ్వు "అబద్ధాలు చెబుతున్నాడు" అని రాసినప్పుడు, నువ్వొక్కడివే రాశావా? మీ నాన్న కూడా పక్కనుండి రాశాడు. నేనూ ఒక చెయ్యి వేశానేమో.

డైరీ పేపరు అంటే ఇదిరా. ఈ రోజు ఏం తిన్నాను, ఎలా ఫీలయ్యాను అన్నది కాదు. నువ్వు ఒక్కడివే అనుకుని మంచం దగ్గరికి వెళతావు, నీ వెనక ఎవరెవరు వస్తున్నారో చూసుకోవడం. దీన్ని రికార్డులో విప్పి రాయమనను. నాతో ఫోన్లో మాట్లాడమనీ అనను, నేను ఈ కథలో ఉన్నదాన్ని. నీ సూపర్‌వైజర్‌తో వారం వారం ఒంటరిగా కూర్చునే సమయం ఉంటుంది, ఐ.సి. అంటారు మీరు. పిల్లలు దాన్ని హాజరు సంతకం కోసం వాడుకుంటారు. అది ఇందుకే పెట్టారు. "మా ఇంట్లో ఒకరు తాగేవారండి, ఈ వార్డులో నాకు కోపం వస్తోంది" అని ఒక్క వాక్యం చెబితే చాలు. మిగతాది ఎంత చెప్పాలో నీ ఇష్టం. నిన్ను నువ్వు తెలుసుకోమన్నారు గానీ, నిన్ను నువ్వు ఆరబెట్టుకోమనలేదు. మార్కుల కోసం ఇంటి గుట్టంతా అసైన్‌మెంట్లో రాయాలని ఏ మేడమైనా అడిగితే మర్యాదగా కాదను. క్లయింటుకున్న హక్కు విద్యార్థికీ ఉంది.

నువ్వు వెనక తీసుకెళ్లేవాటిలో కులం కూడా ఉంది. సిలబస్‌లో అది సమాజ సమస్యల పేపర్లో వస్తుంది, ఎక్కడో బయట ఉన్నట్టు. మంచం మీదున్న ముసలాయన నిన్ను మొదట అడిగేది "మీరేవిట్లు బాబూ?" అని. అమెరికా పుస్తకాల్లో ఈ ప్రశ్నకు జవాబు లేదు. నీ జవాబును బట్టి ఆయన ఒళ్లు సర్దుకుని కూర్చుంటాడు, లేదా కాలు చాపుకుంటాడు. నువ్వు కూడా ఆయన పేటపేరు వినగానే మనసులో ఏదో సర్దుకుంటావు. సర్దుకోలేదని మాత్రం రాయకు. నేనైతే, "నేను కాలేజీ కుర్రాణ్నండి, ఇక్కడ అందరితోనూ ఒకేలా ఉండాలని మాకు చెప్పారు" అని నవ్వి మాట మార్చమంటాను. కొందరు టీచర్లు నిజం చెప్పెయ్యాలంటారు. ఇందులో అందరికీ ఒకే జవాబు ఉందని నేననుకోను. అడిగినవాడు ఎవరు, నువ్వు ఎవరు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

రిఫ్లెక్షన్ పేరుతో మీరు రాసేవాటిలో ఒక వాక్యం నిషేధిస్తే బాగుండునని నా కోరిక. "ఈ రోజు నేను ఎంతో నేర్చుకున్నాను." గిబ్స్ 1988లో ఇచ్చిన ఆరు గళ్ల చక్రం ఉంటుంది కదా, ఏం జరిగింది, ఏమనిపించింది, మంచేంటి చెడేంటి అంటూ. మొదటి ఆర్నెల్లు దాన్ని పట్టుకో, పరవాలేదు. తర్వాత గళ్లు నింపడమే పనైపోతుంది. చివరి గడిలో అందరూ "ఇకపై ఓపికగా వింటాను" అనే రాస్తారు. దాని బదులు పేజీని నిలువుగా మూడు భాగాలు చేసుకో. మొదటిదాంట్లో ఆయనన్న మాట, ఉన్నదున్నట్టు, బూతుంటే బూతుతో సహా. రెండోదాంట్లో నువ్వన్న మాట. మూడోదాంట్లో ఆ క్షణాన నీలో ఏమైందో, చిన్నచిన్న మాటల్లో. "భయం." "వాచీ చూసుకున్నాను." "నాన్న గుర్తొచ్చాడు." పక్కన అంచులో మేడమ్ రాయడానికి చోటు వదులు. ఇది కొత్తదేమీ కాదు, కేస్‌వర్క్‌లో ఎప్పట్నుంచో ఉన్న పద్ధతే. ఎవరూ చెయ్యకపోవడానికి కారణం రెండో గడి. దాన్ని నిజంగా రాస్తే మనకే సిగ్గేస్తుంది. మంచం దగ్గర కాగితం తియ్యకు, బయటికొచ్చాక అరగంటలోపు రాసుకో. ఇంటికెళ్లి భోంచేసి రాస్తే నువ్వన్న మాటలు అప్పటికే చక్కబడిపోతాయి.

నీతిచంద్రిక సంగతి. మొదటిరోజే నువ్వు ఆయనకు "మీరు చెప్పింది ఎవరికీ చెప్పను" అని మాటిచ్చి ఉంటావు. అందరూ ఇస్తారు. ఆ మాట నిలబెట్టుకోలేం. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే, జరగబోతోందని భయమున్నా, 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆర్నెల్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పదహారేళ్ల పిల్ల నిన్ను నమ్మి అంతా చెప్పాక "ఇది నేను దాచలేనమ్మా" అంటే అది నమ్మకద్రోహమే. అందుకని ముందే చెప్పాలి. తేలిక మాటల్లో ఇలా: "మీరు చెప్పేది మీ వైద్యం చూసేవాళ్లకీ, నాకు పని నేర్పే మేడమ్‌కీ తప్ప బయటికి వెళ్లదండి. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పనిపిస్తే, చిన్నపిల్లలకి హాని అని తెలిస్తే మాత్రం చెప్పక తప్పదు. అప్పుడు కూడా మీకు చెప్పాకే చెబుతాను." ఇలా అంటే మనసు విప్పరేమోనని నీకు భయం. కొందరు విప్పరు. అది వాళ్ల హక్కు.

నేను ఎక్కువకాలం హెచ్.ఐ.వి. కౌన్సెలింగ్‌లో ఉన్నాను. గర్భిణులందరికీ పరీక్ష చేస్తారు కాబట్టి చాలా ఇళ్లలో ముందు బయటపడేది కోడలి సంగతి. మొగుడు అప్పటికి పరీక్షే చేయించుకుని ఉండడు. "ఇదే తెచ్చింది మా ఇంటికి" అని అత్తగారు తేల్చేస్తుంది. ఇది ఒకరి కథ కాదు, ఎవరిదని అడక్కు. ఇంకో రకం, మొగుడికి ముందు తెలిసి పెళ్లానికి చెప్పనంటాడు. ఆమె బయట బెంచీ మీద కూర్చుని ఉంటుంది. చెబితే నీతా, చెప్పకపోతే నీతా? మేం ఏళ్ల తరబడి కొట్టుకున్న ఈ ప్రశ్నకు 2017లో హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం వచ్చి ఒక వరస ఏర్పరచింది. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. భాగస్వామికి నిజంగా ముప్పుందని డాక్టరో కౌన్సెలరో నమ్మాలి. చెప్పమని ఆ మనిషికి నచ్చజెప్పి చూడాలి. ఇక చెప్పడని తేలాలి. నేను చెప్పబోతున్నానని ఆ మనిషికే ముందు చెప్పాలి. అప్పుడు చెప్పవచ్చు. అయితే, చెబితే ఆ రోగిని, ముఖ్యంగా ఆడమనిషిని, కొడతారనో ఇంట్లోంచి గెంటేస్తారనో భయముంటే చెప్పకూడదు అని కూడా అదే చట్టంలో ఉంది. ఎంత వెతుక్కున్నా చట్టం నీ బదులు ఆ గదిలో కూర్చోదు. "ఇక చెప్పడని తేలడం" ఎన్ని సిట్టింగులకు తేలుతుంది? అక్కడే నువ్వు నేర్చుకున్న మాట్లాడే విద్య కావాలి. బాగా మాట్లాడగలిగినవాళ్ల దగ్గర చాలామంది తామే చెప్పుకుంటారు, చట్టం దాకా పోనక్కర్లేదు.

ఇంకో మాట. మన వృత్తి దయతో పుట్టిందని మీకు మొదటి క్లాసులో చెప్పి ఉంటారు. నిజానికి 1895లో లండన్ రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో మేరీ స్టీవర్ట్‌ను పెట్టుకున్నది, డబ్బున్నవాళ్లు ఉచిత వైద్యం కొట్టేయకుండా చూడమని. ఎవరు అర్హులో తేల్చే కాపలా ఉద్యోగం అది. అందులోంచే ఆవిడ, వైద్యం అందాలంటే ఇంట్లో ఇంకేం కావాలో చూడటం మొదలుపెట్టింది. బొంబాయి జె.జె. ఆసుపత్రిలో 1946లో మన దేశపు మొదటి మెడికల్ సోషల్ వర్కర్ వచ్చే నాటికి కాపలా కాస్త వెనక్కి వెళ్లింది గానీ, పూర్తిగా పోలేదు. నీ సంతకంతో ఎవరికో ఆరోగ్యశ్రీ కాగితం కదులుతుందనీ, పింఛను వస్తుందనీ వార్డులో అందరూ అనుకుంటారు. అందుకే నీకు దణ్ణం పెడతారు. అది నీ కౌన్సెలింగ్‌కి పెట్టిన దణ్ణం అనుకోకు.

చిన్నచిన్నవి అడిగావు. క్లయింటుకి నీ ఫోన్ నంబర్ ఇవ్వకు, ఏజెన్సీ నంబరివ్వు. రాత్రిపూట భయమేస్తే 14416 టెలి మానస్‌కి చెయ్యొచ్చని చెప్పు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. జున్నుపాలో మామిడిపళ్లో తెస్తే వద్దనకు, మన వైపు అది చెంపదెబ్బ. వార్డులో అందరికీ పంచి తిను, రికార్డులో రాయి. డబ్బులు మాత్రం తీసుకోకు. నువ్వు జేబులోంచి ఇవ్వడం గురించి పుస్తకాలన్నీ వద్దనే అంటాయి. నేను బస్సు చార్జీలు చాలాసార్లు ఇచ్చాను, ఇప్పుడైనా ఇస్తాను. నీకు మాత్రం మొదటి ఏడాది వద్దంటాను. ఇచ్చాక ఆయన మళ్లీ తాగి వస్తే నీకు వచ్చే కోపం ఇంకో రకంగా ఉంటుంది.

వార్డులో తెరలుండవు, తెలుసు. ఆయనతో ఒంటరిగా మాట్లాడాలంటే వాళ్లావిణ్ని ఏదో వంకతో బయటికి పంపకు. "పది నిమిషాలు ఆయనతో విడిగా మాట్లాడాలమ్మా, తర్వాత మీతోనూ విడిగా మాట్లాడతాను" అని చెప్పు. ఆ రెండో సగం తప్పకుండా చెయ్యి. ఆ ఇంట్లో ఎక్కువ దెబ్బతిన్నది ఆవిడ. నీ సగం పేజీలో ఆవిడ సాక్షిగానే ఉంది, మనిషిగా లేదు.

మీ నాన్న నిన్న ఫోన్ చేశాడు. రెండో ఏడాది హెచ్.ఆర్. తీసుకోమని నీకు చెప్పమన్నాడు. నేను ఉన్నదే చెప్పాను. ఎం.ఎస్.డబ్ల్యు. చేసినవాళ్లలో చాలామంది అటే పోతున్నారు, జీతం అక్కడే ఉంది. ఇటు వైపు కౌన్సెలర్ పోస్టులు చాలావరకు కాంట్రాక్టువి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి ఉంది, అందులో మన చదువుకి చోటుంది. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో పైచదువు ఉంది, సీటు దొరకడం కష్టం, దొరికితే దారి మారుతుంది. 2021లో వచ్చిన అనుబంధ వైద్య వృత్తుల చట్టంలో సోషల్ వర్కర్లనీ కౌన్సెలర్లనీ చేర్చారు. దానివల్ల రిజిస్ట్రేషనూ గౌరవమూ ఎంత వస్తాయో మీ తరం చూడాలి. ఇప్పుడే తేల్చుకోవద్దు, ఈ రెండు సెమిస్టర్ల ఫీల్డ్ వర్కూ అయ్యాక నీ మూడో గడిలో ఏం రాసుకున్నావో చదువుకుని అప్పుడు చూద్దామన్నాను. అంతా విని మీ నాన్న, "అయితే వీడికి పిల్లనెవరిస్తారు?" అన్నాడు. అది నా సబ్జెక్టు కాదు, మీ అమ్మని అడగమన్నాను.

దసరాకి వస్తున్నావుగా. రికార్డు పుస్తకం తేవద్దు.

ఇట్లు,
మీ అత్తయ్య.